పేరు నువ్వే చెప్పు

నిర్మల సిస్టర్ సూది పట్టుకుని మంచం దగ్గర నిలబడితే కొత్తవాళ్లకు ఒళ్లు మండుతుంది. "నీ పేరేటి? మీ అయ్య పేరేటి? ఏ ఊరు? ఏ మందైనా పడదా?" ఈ నాలుగూ అడిగి, జవాబులు కేసు షీటుతో సరిచూసుకున్నాకే సూది వేస్తుంది. పొద్దున అడిగిన మనిషినే మధ్యాహ్నం మళ్లీ అడుగుతుంది. "పొద్దున్న సెప్పినాను కదే, మతి లేదేటి నీకు?" అని ముసలాళ్లు తిడతారు. తిట్లు తిని మళ్లీ అడుగుతుంది. పేరు మాత్రం తను పలకదు. అవతలివాళ్ల నోటి నుంచే రావాలి.

చాదస్తం అనుకుంటారు చాలామంది. ఆమెతో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను, అది చాదస్తం కాదని నాకు తెలుసు. ఆసుపత్రి పేరు చెప్పను. డుంబ్రిగుడ దాటి కొండల్లోకి వెళ్తే వస్తుంది. పది మంచాలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు. అందులో ఒకరు ఆమె, రెండోది నేను, హేమలత. మాది విజయనగరం వైపు. ఆమెది పెదబయలు మండలంలో ఇరవై గడపల ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో నర్సింగు చేసి, పట్నంలో ఉద్యోగం వచ్చే దారి ఉన్నా కొండకే తిరిగొచ్చింది.

వచ్చిన కొత్తలో ఆమెను చూసి నాకు అసూయ. నేను పేరు అడిగితే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగేవాళ్లు. మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు. వస్తే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల భయం. "నువ్వు అడగకే, నాకొగ్గీ" అని నిర్మల సిస్టర్ మంచం పక్కన గొంతుక్కూర్చుని, "సుక్రు కదమ్మా మీ ఆయన?" అని తనే అనేది. ఆ ఇల్లాలు గండం గడిచినట్టు తల ఊపేది. ఇంత మర్యాద నాకెప్పుడు వస్తుందా అనుకునేదాన్ని.

ఆ మర్యాదే ఒక మనిషిని చంపింది.

ఇక్కడ చాలామందికి పుట్టిన వారమే పేరు. సోమవారం పుడితే సోంబు, బుధవారం పుడితే బుధు. వారానికి ఏడే రోజులు, ఊళ్ల నిండా మనుషులు. నాలుగేళ్ల కిందట వానాకాలంలో మా వార్డులో ఇద్దరు బుధులు ఉన్నారు. ఐదో మంచం బుధుకు కాలి మీద గొడ్డలి దెబ్బ, చీము పట్టింది. అతనికి పూటపూటకూ పెన్సిలిన్ జాతి సూది మందు. మూడో మంచం బుధు ధర్మ కొడుకు, మలేరియా జ్వరం. గతంలో ఎక్కడో పెన్సిలిన్ చేయించుకుని పడిపోయాడట. ఆ సంగతి అతని కేసు షీటు మీద ఎర్రసిరాతో నేనే రాశాను. రాసి, మా తోటికోడలి గృహప్రవేశానికని సెలవు పెట్టి దిగిపోయాను. వార్డులో ఇద్దరు బుధులున్నారు జాగ్రత్త అని నిర్మల సిస్టర్‌కు నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. బస్సు వెళ్లిపోతుందని తొందర. ఆ బస్సును ఇప్పటికీ తిట్టుకుంటాను, నన్ను తిట్టుకోలేక.

మర్నాడు మూడో మంచం మీద కప్పు కారింది. గొడ్డలి దెబ్బ బుధు మంచివాడు. జ్వరం మనిషి తడవకూడదని తన ఐదో మంచం అతనికి ఇచ్చి, కుంటుకుంటూ వెళ్లి వరండాలో కూర్చున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని వాళ్లకేం తెలుసు?

పది గంటలకు నిర్మల సిస్టర్ ఐదో మంచానికి సూది మందు తెచ్చింది. ముందురోజు నుంచీ రాత్రింబవళ్లు వార్డంతా ఆమె ఒక్కతే చూస్తోంది. మంచం మీద మనిషి రగ్గు ముసుగేసుకుని పడుకున్నాడు. పక్కన అతని పెళ్లాం చిట్టి. తల ఎత్తని పిల్ల, పాతికేళ్లు లేవు. ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకని నిర్మల సిస్టర్ ఎప్పటిలాగే తనే అంది.

"బుధు కదమ్మా?"

చిట్టి తల ఊపింది. అబద్ధం కాదు కదా!

రగ్గు తీసి కాలి కట్టు చూసినా తెలిసిపోయేది. చూడలేదు. చేతికున్న సెలైన్ గొట్టంలోంచి మందు ఎక్కించింది. రెండు నిమిషాల్లో అతనికి ఊపిరి అందలేదు, మొహం వాచిపోయింది. విరుగుడు సూది వేసింది, ఆక్సిజన్ పెట్టింది, డాక్టరు పరిగెత్తుకొచ్చాక ఇద్దరూ వంతులేసుకుని గుండె నొక్కారు. పదకొండు కాకముందే పోయాడు.

మా డాక్టరు మోహన్‌కృష్ణ చెడ్డవాడేం కాదు, భయస్తుడు. "జ్వరంతో వచ్చాడు, జ్వరంతో పోయాడని రాసెయ్యండి సిస్టర్. ఎవరడుగుతారు?" అన్నాడట.

"నేను అడుగుతాను సార్" అని, కేసు షీటులో ఉన్నదున్నట్టు రాసింది. ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చాను, పేరు నేనే చెప్పాను, ఆమె తల ఊపింది. ఆరు నెలలు సస్పెండ్ చేశారు.

దినాలయ్యాక నిర్మల సిస్టర్ చిట్టి వాళ్ల ఊరికి బయల్దేరింది. వద్దంటే వినలేదు, నేనూ వెంట వెళ్లాను. చిట్టి వాకిట్లో చేటతో చోడిగింజలు చెరుగుతోంది. కడుపుతో ఉందని అప్పుడే చూశాను.

"మీ ఆయన జొరంతో పోలేదు, సెల్లీ. నా సేత్తో ఇచ్చిన మందు. అది వేరేవాళ్లది" అంది నిర్మల సిస్టర్.

చిట్టి చెరగడం ఆపింది. "నాను తలూపినాను కదా" అంది, తన తలే పాపం చేసినట్టు.

"నాను పేరు సెప్పబట్టి ఊపినావు. తప్పు నాది."

చిట్టి చేట విసిరికొట్టింది. చోళ్లు మా చీరల మీద పడ్డాయి. "ఎల్లిపో! మా గడప తొక్కకు. నా కడుపున పుట్టినదానికి నీ సూది తగలనీను!"

అన్నమాట నిలబెట్టుకుంది. ఆడపిల్ల పుట్టింది. బుధవారమే పుట్టినా వారం పేరు పెట్టలేదు, అంగన్‌వాడీ టీచరునడిగి సాహితి అని పెట్టింది. ఆ పిల్లకు ఒక్క టీకా వేయించలేదు. ఉద్యోగంలోకి తిరిగొచ్చాక నిర్మల సిస్టర్ నెలనెలా టీకాల పెట్టె పట్టుకుని ఆ ఊరి బయట పారే గెడ్డ దగ్గర కూర్చునేది, గడప తొక్కొద్దన్నారని. మిగతా తల్లులు వచ్చేవాళ్లు. చిట్టి రాలేదు. నన్ను పంపినా తలుపు తీయలేదు. రిజిస్టరులో సాహితి వరస మూడేళ్లు ఖాళీగా ఉంది. దాన్ని చూసి ఆమె ఏడవడం నేను చూశాను.

మొన్న మాఘమాసంలో ఆ ఊళ్లో తట్టు వచ్చింది. టీకా పడిన పిల్లలు తేలిగ్గా బయటపడ్డారు. సాహితికి ఊపిరితిత్తుల్లోకి దిగింది. చిట్టి పిల్లను భుజాన వేసుకుని ఆరు మైళ్లు నడిచి తెచ్చింది. డొక్కలు ఎగరేస్తోంది పిల్ల.

నేను ఆక్సిజన్ పట్టుకున్నాను. డాక్టరు మందు రాశాడు, అదే పెన్సిలిన్ జాతి. నిర్మల సిస్టర్ సూది నింపుకొచ్చింది. చిట్టి ఆమెను చూసి పిల్లను గుండెలకు అదుముకుని, మళ్లీ తనే మంచం మీద పెట్టింది.

"బేగి ఎయ్యి" అంది.

"పిల్ల పేరేటి?"

"తెలీదేటి నీకు? మూడేళ్లు గెడ్డకాడ కూకున్నావు, తెలీదేటి?"

"తెలుసు. నువ్వు సెప్పు."

"సాహితి."

"అయ్య పేరు?"

నేనే చెప్పేద్దామని నోరు తెరిచాను. నిర్మల సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టింది. చిట్టి కొంగు నోటి దాకా తెచ్చి, వదిలేసింది.

"బుధు. ధర్మ కొడుకు బుధు."

ఊరి పేరూ చెప్పింది.

"ఏ మందైనా పడదా?"

"దీనికి తెలీదు. ఆళ్లయ్యకి పడలేదు."

నిర్మల సిస్టర్ సూది ట్రేలో పెట్టేసి డాక్టరు గదికి పరిగెత్తింది. తండ్రికి పడనంత మాత్రాన బిడ్డకు పడకూడదని లేదు, ఆయన ఆ మాటే అన్నాడు, అని కూడా ఆమె మొహం చూసి మందు మార్చాడు. కొత్త మందు తెచ్చి ఆ నాలుగూ మొదటి నుంచి మళ్లీ అడిగింది. చిట్టి ఆ నాలుగూ మళ్లీ చెప్పింది.

పిల్ల బతికింది. ఒక చెవి మాత్రం వినపడదు.

ఇంటికి పంపే రోజున చిట్టి పిల్లను చంకనేసుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"ఆయేల నన్ను ఇలాగే అడగాల్సింది, నర్సమ్మా. ఆయుస్సు తగ్గితే తగ్గింది, పేరు సెప్పీదాన్ని. పడని మందు కూడా సెప్పీదాన్ని."

"అవును, సెల్లీ" అంది నిర్మల సిస్టర్.