ఎడమ కార్నర్ పేరు

నేను పిరికివాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలికగా ఉంటుంది. కబడ్డీ ఆడేవాడు పిరికివాడెట్లా అవుతాడని మా ఆవిడ నమ్మదు. ఆట వేరు. గీత లోపల ఏడుగురం ఉంటాం, అవతలివాడు ఎటునుంచి వస్తాడో తెలుసు, మహా అయితే మోకాలు పగులుతుంది. గీత బయట మాత్రం వీధిలో నలుగురు గట్టిగా మాట్లాడుకుంటే చాలు, నా గుండె దడదడలాడుతుంది.

మా ఊరు నిర్మల్ నుంచి భైంసా వెళ్లే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. బస్టాండు దగ్గర నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. చిన్నప్పటినుంచీ కలిసి ఆడిన కబడ్డీ జట్టు ఒకటి ఉంది. ఇప్పుడు అందరికీ పొట్టలు వచ్చాయి, కూత సగంలోనే ఆయాసం వస్తుంది, అయినా ఆదివారం సాయంత్రం బడి గ్రౌండుకు పోకుండా ఉండలేం. జట్టులో నా స్థానం ఎడమ కార్నర్ పక్కన. ఎడమ కార్నర్‌లో నిలబడేవాడు ముస్లిం, పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టర్. రైడర్ మా వైపు వచ్చినప్పుడు మేమిద్దరం చేతులు పట్టుకుని గొలుసు కడతాం. గొలుసు కట్టాక ఒకడు చెయ్యి వదిలేస్తే రెండోవాడు ఒంటరిగా రైడర్ కాళ్ల మీద పడి చిక్కిపోతాడు. ఇన్నేళ్లలో ఆయన నా చెయ్యి వదిలిన సంగతి నాకు గుర్తులేదు.

తెలంగాణ కోసం కొట్లాడిన రోజుల్లో రోడ్డు మీదే వండుకుని తిన్నాం, రోడ్డు మీదే కబడ్డీ ఆడాం. తారు మీద సున్నంతో గీతలు గీసి, రెండు వైపులా లారీలు ఆగిపోయి ఉంటే మేం కూత పెట్టాం. పోలీసులు వచ్చి లాఠీలు ఎత్తగానే నేను చెయ్యి విడిపించుకుని పరుగెత్తబోయాను. ఎడమ కార్నర్ వదల్లేదు. "యాడికి పోతవ్, ఆట కాలే" అన్నాడు. ఇద్దరికీ చెరి రెండు దెబ్బలు పడ్డాయి. నాకు పడ్డ రెండూ ఆయన వల్లేనని ఇప్పటికీ అంటుంటాను.

రాష్ట్రం వచ్చాక నేను గల్ఫ్ పనికి దోహా పోయాను. అక్కడ మా సైటు ఫోర్‌మన్ ఉత్తర ఐర్లాండ్ మనిషి. ఎర్రటి మెడ, పెద్ద గొంతు. నాకొచ్చిన ఇంగ్లీషుకు ఆయనకొచ్చిన హిందీని కలిపి మధ్యాహ్నం టీ దగ్గర మాట్లాడుకునేవాళ్లం. రోడ్డు మీద కబడ్డీ ఆడిన సంగతి చెబితే ఆయన కప్పు కింద పెట్టేశాడు. మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు.

వాళ్లకూ సొంత ఆటలున్నాయట. కర్రతో బంతిని కొట్టే ఆట ఒకటి, చేత్తోనూ కాలితోనూ ఆడే ఫుట్‌బాల్ ఒకటి. గేలిక్ ఆటలంటారు. "మా రాజ్యం మా చేతిలో లేదు, మా భాష సగం పోయింది, ఆటొక్కటే మిగిలింది" అన్నాడు. ఆయన కాథలిక్. ఐర్లాండ్ మొత్తం ఒకే దేశం కావాలనేవాళ్లలో ఒకడు. పక్క వీధి ప్రొటెస్టెంట్లు బ్రిటన్‌తోనే ఉంటామంటారు. అది మతం తగువు కదా అని నేనంటే ఆయనకు కోపం వచ్చింది. ఇల్లు ఎవరికి ఇస్తారు, కొలువు ఎవరికి ఇస్తారు, ఊరు మీద ఎవరి జెండా ఎగరాలి, తగువంతా దాని గురించేనని, మతం దాని మీద కప్పిన దుప్పటి మాత్రమేనని అన్నాడు. వాళ్ల జెండాలోనూ ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగులే. ఆకుపచ్చ వీళ్లది, నారింజ ప్రొటెస్టెంట్లది, ఆ రెండూ కొట్టుకోకుండా మధ్యలో తెలుపు పెట్టారట. మా జెండాలోనూ తెలుపు ఉంది, మా ఊళ్లో మాత్రం అది కొంచెం ఇరుకు అన్నాను. పడీపడీ నవ్వాడు.

ఒక సంగతి మాత్రం నవ్వకుండా చెప్పాడు. కుర్రతనంలో ఆటకర్ర సంచిలో పెట్టుకుని పోతుంటే అవతలి వీధి వాళ్లు ఆపారు. ఆ కర్ర చేతిలో ఉంటే మనిషి ఎటువైపువాడో అడగక్కర్లేదు. భయంతో, ఇది నాది కాదు, దారిలో దొరికింది, పొయ్యిలో పెట్టడానికి తీసుకుపోతున్నాను అన్నాడు. వాళ్లు వదిలేశారు. "కొట్టినా బాగుండేది. ఆ తర్వాత కర్ర పట్టుకున్నప్పుడల్లా నా నోరే గుర్తొచ్చేది" అన్నాడు. ఇంత చిన్నదానికి ఇంత బాధా అనుకున్నాను. పైగా గొప్పలు పోయాను. మీ ఆటలోకి పక్క వీధివాళ్లు రారు, మా కబడ్డీలో చూడు, వాళ్లూ మేమూ చేతులు పట్టుకుంటాం అన్నాను. ఆయన "కాపాడుకో" అన్నాడు. నేను తిరిగి వచ్చేటప్పుడు తన జిల్లా జట్టు జెర్సీ ఒకటి ఇచ్చాడు. ముదురు ఆకుపచ్చది.

ఆ జెర్సీ నా మూర్ఖత్వానికి మొదటి మెట్టు. విదేశీ బట్ట, ఒంటికి చల్లగా ఉంటుంది, ఊళ్లో ఎవరికీ లేదు. మా జట్టుకు అంతకుముందే ఎన్నికల ముందు ఒక నాయకుడు కాషాయ రంగు జెర్సీలు పంచాడు, వీపు మీద ఆయన ఫొటోతో సహా. ఆయనంటే పడక నేను వేసుకోలేదు. ఎడమ కార్నర్ మాత్రం హాయిగా వేసుకుని తిరిగేవాడు. "బట్టకేం తెల్సు భాయ్, చెమట మంచిగ గుంజుతది" అనేవాడు. అట్లా నేను ఆకుపచ్చలో, ఆయన కాషాయంలో గొలుసు కడుతుంటే మిగతావాళ్లు మమ్మల్ని చూసి ఎగతాళి చేసేవాళ్లు.

ఆ ఆదివారం ఆట మధ్యలో ఎడమ కార్నర్ కాలు మడతపడింది. మడమ దగ్గర క్షణంలో పొంగింది. మంచినీళ్లు పోసి గుడ్డ కడుతున్నాం, అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. చౌరస్తాలో జెండా కర్ర దగ్గర గొడవ. రాళ్లు పడ్డాయట, షట్టర్లు దించేస్తున్నారట. రెండు నిమిషాల్లో గ్రౌండు ఖాళీ అయింది. ఎవరి వీధికి వాళ్లు పరుగెత్తారు. నేను వాళ్లను తప్పుపట్టను, భుజం ఖాళీగా ఉంటే నేనూ పరుగెత్తేవాణ్ణి, కాని ఆయన బరువంతా నా భుజం మీద ఉంది. ఆయన ఇల్లు చౌరస్తాకు అవతల.

"అమ్మీ ఒక్కతే ఉన్నది భాయ్. నన్ను దించి పో" అన్నాడు.

బండి స్టార్ట్ చేశాను. నాలుగు సందులు దాటాలి. సాయంత్రం ఎండ ఇంకా ఉంది, ఆదివారం పూట వీధిలో పిల్లలూ లేరు, ఇడ్లీ బండీ లేదు. వెనక ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. నేను వేసుకున్న బట్ట రంగు అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

చౌరస్తా మూల మీద పదిహేను మంది దాకా నిలబడి ఉన్నారు. చేతుల్లో కర్రలు. ఒకడి చేతిలో పూజ చేసిన కుంకుమ పళ్లెం. వాళ్లు మా వాళ్లే, అంటే నేను పుట్టిన వైపువాళ్లు.

"ఆపురా! పచ్చంగోడా, నిన్నే!"

ఆగాను. కాలు కింద పెట్టానో లేదో ఒకడు తాళంచెవి లాగేశాడు. పేరు అడిగారు. నా పేరు నాకే సరిగా రాలేదు. బాపు పేరు చెప్పాను, కులం చెప్పాను, అడగకుండానే గోత్రం కూడా చెప్పాను. అంతలో ఒకడు గుర్తుపట్టాడు.

"అరే, మన మోటార్ల షాపాయనే గదరా! గీ పచ్చంగి ఏందన్నా? జరుంటే తలకాయ పల్గుతుండె."

"దోహాల ఇచ్చిండ్రు తమ్మీ" అన్నాను. నవ్వడానికి ప్రయత్నించాను.

"ఎన్కాల ఎవరు?"

నా భుజం మీది చెయ్యి బిగుసుకుంది.

"మా తమ్ముడు" అన్నాను. నిజంగా నాకొక తమ్ముడు ఉన్నాడు. వాడి పేరే చెప్పాను. "గోదావరిఖనిల ఉంటడు, బొగ్గుబాయిల పని. ఆటల కాలు ఇరిగింది, దవాఖానకు పోతున్నం."

ఎడమ కార్నర్ తల దించుకుని మూలిగాడు. అది నటన కాదు. కాషాయ జెర్సీ, వీపు మీద నాయకుడి ఫొటో, ఆ మూలుగు, అన్నీ కలిసి వచ్చాయి. పళ్లెం పట్టుకున్నవాడు ముందుకొచ్చి ఇద్దరి నుదుటికీ కుంకుమ పెట్టాడు. అంతటితో వదిలేస్తే నేను ఈ సంగతి ఎవరికైనా చెప్పుకునేవాణ్ణి. తెలివిగా స్నేహితుణ్ణి దాటించానని షాపులో కూర్చుని పదిసార్లు చెప్పేవాణ్ణి.

తాళంచెవి ఇస్తూ ఆ కుర్రవాడు అన్నాడు. "గాళ్లను ఒక్కన్ని ఊర్ల ఉండనియ్యద్దన్నా. ఏమంటవ్?"

నేను ఊరుకోవచ్చు. బండి స్టార్ట్ చేసి పోవచ్చు. వాడు నా జవాబు కోసం ఆగలేదు కూడా, పక్కవాడితో ఏదో అంటున్నాడు. అయినా నా భయం నాకంటే ముందు నోరు తెరిచింది. "ఔ తమ్మీ, ఒక్కన్ని ఉంచద్దు" అన్నాను. గట్టిగా, అందరికీ వినపడేట్టు అన్నాను.

నా భుజం మీది చెయ్యి వదులైంది. ఆయన దాన్ని తీసి సీటు వెనక కమ్మీ పట్టుకున్నాడు.

మలుపు తిరిగాక బండి ఆపాను. సీసాలో మిగిలిన నీళ్లు చేతిలో పోసుకుని ఆయన నుదుటి మీద కుంకుమ కడిగాను. జెర్సీ అంచుతో మళ్లీ తుడిచాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు. క్షమించమని అడగాలని తెలుసు. కాని అవతలి సందు చివర మనుషులు కనపడుతున్నారు, నాకు వాళ్ల మీదే ధ్యాస. ఆ కంగారులో నా నుదురు తుడుచుకోవడం మరిచిపోయాను.

ఆ సందులో రాళ్లు పట్టుకున్నవాళ్లున్నారు. ఇవతలి వాళ్ల వయసే, ఇవతలి వాళ్ల అరుపే. ఆకుపచ్చ జెర్సీ చూసి ముందు దారి ఇవ్వబోయారు. అంతలో ఒకడు నా నుదురు చూశాడు.

"ఏ, రోకో! కౌన్ హై తూ?"

చుట్టూ మూగారు. ఒకడు కాలర్ పట్టుకున్నాడు. ఇవతల ఆయనకు పేరు మార్చిన నాకు, అవతల నా పేరు మార్చుకోవడం ఎంతసేపు? ఒక పేరు నాలుక చివరకు వచ్చేసింది కూడా. నుదుటి మీద కుంకుమ ఉందన్న సంగతి అప్పటికీ నాకు తెలియదు.

నేను పలికేలోపు ఎడమ కార్నర్ ఒంటికాలి మీద బండి దిగాడు. నా పేరు చెప్పాడు. మా ఇంటిపేరుతో సహా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"హిందువే. బస్టాండ్ కాడ మోటార్ల షాపు. నా కాలు ఇరిగితే ఇంటికి తెస్తుండు. గీయన మావోడు. ఎవ్వడు చెయ్యెయ్యద్దు. ఎయ్యాల్నంటే ముందు నా మీద ఎయ్యుండ్రి."

ఆయన తమ వీధివాడేనని వాళ్లు అప్పుడు గుర్తుపట్టారు. కాలర్ పట్టుకున్నవాడు ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఎడమ కార్నర్ వాడి చేతివేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, ఆ చెయ్యి పక్కకు నెట్టి, నా చెయ్యి పట్టుకున్నాడు. గొలుసు కట్టేటప్పుడు పట్టుకున్నట్టే. బండిని అక్కడే వదిలేశాం. నా చెయ్యి పట్టుకుని కుంటుకుంటూ ఇంటిదాకా నడిచాడు. వెనక నుంచి రాయి వచ్చి తలకు తగులుతుందని ప్రతి అడుక్కీ అనుకున్నాను. రాలేదు.

వాళ్లమ్మ తలుపు తీసి కొడుకు కాలు చూసి ఏడ్చింది, తర్వాత నా నుదురు చూసి కొంగు తడిపి తెచ్చి తనే తుడిచింది. అప్పుడే నాకు తెలిసింది ఆ కుంకుమ సంగతి. చాయ్ ఇచ్చింది. పోలీసులు వచ్చి నన్ను మా వీధికి చేర్చేదాకా అక్కడే ఉండమంది. కొడుకు మడమకు పసుపు, సున్నం రాస్తూ అడిగింది.

"చౌరస్తా కాడ గంతమంది ఉన్నరంట గద బేటా, మావోన్ని ఎట్ల పోనిచ్చిండ్రు? నువ్వేమన్నవ్?"

ఫోర్‌మన్ చెప్పిన కర్ర సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. మాటకు బదులు చాయ్ గుటక మింగాను. ఆమె పసుపు చేత్తో అలాగే ఆగి నా జవాబు కోసం చూస్తోంది.

ఎడమ కార్నర్ కాలు ముడుచుకుంటూ, నొప్పికి పళ్లు కొరుక్కుంటూ అన్నాడు.

"నా పేరు చెప్పిండు అమ్మీ. 'గీయన మావోడు, ఎవ్వడు చెయ్యెయ్యద్దు' అన్నడు."