కదలని నల్ల పెట్ట

ఈ ఉదయం గన్నవరం దారిలో పొగమంచు చూడగానే మా పెరడు గుర్తొచ్చింది. సాయంత్రమయ్యేసరికి పిల్లలకోడిని గంపతో మూసేవాళ్లం, గుర్తుందా? మా ఇంట్లో ఆ పని నాది. ఒక డిసెంబరులో, ఒక్కరోజు మరిచిపోయాను.

తెల్లారి, "పాస్టరుగారు భోజనానికొస్తారు, నల్ల పెట్టని పట్టుకురావే" అంది అమ్మ. మాకు నల్లవి రెండు. మంచులో ఏది పిల్లలకోడో తెలియలేదు, ఒకటి పారిపోయింది. గడ్డివాము పక్కన కూర్చున్నది కదల్లేదు. దాన్నే పట్టిచ్చాను.

నాన్న కోసేశాక గడ్డిలోంచి కియ్ కియ్‌మని వినబడింది. ఎనిమిది పిల్లలు, ముద్దగా వణుకుతున్నాయి. అమ్మ చేతిలో ఈకలు అలాగే ఉండిపోయాయి.

"పిల్లల్ని పొదువుకుంది గనకే లేవలేదే" అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం ప్రార్థనయ్యాక పెద్దవాళ్లు తేల్చారు. పిల్లలు వంటింట్లో పొయ్యి పక్కన పెరగాలి. చలి పోయేదాకా నేను వాటి దగ్గరే పడుకోవాలి.