మైక్రాన్ తప్పని మోటరు, గల్లీ దొరకని మనిషి

జల్‌పల్లిలోని మా వర్క్‌షాపులో కొత్త కటింగ్ మెషీన్ తయారు చేస్తున్నాం. దానికి లీనియర్ సర్వో మోటర్లు కావాలి. అంటే గుండ్రంగా తిరగకుండా, పట్టాల మీద నేరుగా ముందుకూ వెనక్కూ జరిగేవి. వాటిని అమ్మే కంపెనీ సేల్స్ మేనేజర్ ఇవాళ పొద్దున్నే వస్తానన్నాడు. ఎంతకీ రాకపోతే ఫోన్ చేశాను.

"మీ గల్లీలనే ఉన్న అన్నా, అయిదు నిమిషాలు" అన్నాడు.

నేను గల్లీ మొదట్లోనే నిలబడి ఉన్నాను. అక్కడ నేనూ, ఒక మేకా తప్ప ఎవరూ లేరు. ఫోన్‌లో మాత్రం ఎవరో ఆటోవాలా "చార్మినార్, చార్మినార్" అని గొంతు చించుకుంటున్నాడు.

భోజనాల వేళకు దిగాడు. ట్రాఫిక్‌ను తిట్టి, చాయ్ తాగి, ల్యాప్‌టాప్ తెరిచాడు.

"మా మోటర్ గొప్పతనం ఏందంటే అన్నా, అది యాడున్నదో దానికి ఎప్పటికప్పుడు ఎర్కుంటది. ఒక్క మైక్రాన్ గూడ అటిటు గాదు."

"మంచిదే భాయ్. నడుస్త నడుస్త అది ఆగిపోతే, మీ ఇంజనీర్ ఎప్పుడొస్తడు?" అని అడిగాను.

"గా ఫికరే వద్దు. ఒక్క ఫోన్ కొట్టుండ్రి, అయిదు నిమిషాలల్ల మీ గల్లీల ఉంటడు."

ఆర్డర్ ఇవ్వలేదు. మోటరుతో నాకు పేచీ లేదు. అది ఎక్కడుందో దానికి చెప్పే సెన్సరునే ఈ మేనేజర్‌కూ ఒకటి బిగించి పంపితే, రేపే కొంటాను.

మీ సప్లయర్ కూడా ఇప్పుడు మీ గల్లీలోనే ఉన్నాడా? ఒకసారి బయటికెళ్లి చూసి చెప్పండి. మేకను లెక్కలోకి తీసుకోకండి.