అర్ధాయుష్షు మందు

మా అత్త పోయింది. ఆమెను చూడ్డానికే విశాఖ రైలు కోసం పలాస స్టేషన్లో నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. డాక్టర్లు వద్దన్న జీడిపప్పు పొట్లం నా సంచిలో ఉంది. "నాకు కాదే, వార్డులో అమ్మాయిలకి" అని ఆమే తెమ్మంది. ఆ మాట నేను నమ్మలేదు, అయినా కొన్నాను.

అత్త అంటే నాన్నకి చెల్లెలు. సోంపేట అవతల, సముద్రం ఒడ్డున మా ఊరు. నానమ్మ నెత్తిన చేపల గంప మోసి చదివించిన పిల్ల, విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో న్యూక్లియర్ ఫార్మసిస్టు అయింది. అంటే, స్కానింగుకి ముందు నరంలోకి ఎక్కించే అణు మందును సీసపు అడ్డు వెనక నిలబడి కలిపే మనిషి. ఆమె చేరేనాటికి ఆ గదిలో ఆడవాళ్లు లేరు. "పెళ్లి కావలసినదానివి, నీకెందుకమ్మా ఈ పని" అని పైఅధికారి అంటే, "పెళ్లికొడుకు దొరికేదాకా కలపనివ్వండి సార్" అందట. ఆ తర్వాత అక్కడికి నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలందరికీ ఆమే గురువు. పెళ్లికొడుకు మాత్రం దొరకలేదు. అణుబాంబు పిల్ల అని సంబంధాలు వెనక్కి పోయాయి. అది చెప్పి నవ్వేది. ఆ నవ్వు నాకెప్పుడూ నచ్చలేదు.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు తొక్కని వీధి లేదు. స్కానింగుకి రమ్మని చెప్పడానికి ఒకసారి అత్త సెలవు పెట్టి వచ్చి, ఆడవాళ్లందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టింది. మందులో సగం తొందరగా మాయమైపోతుందని చెప్పబోయి, పుస్తకంలో మాట వాడింది. "దీని అర్ధాయుష్షు ఆరు గంటలే" అంది. అంతే, అరుగు ఖాళీ. నడివయసులో పోయినవాళ్లని మావైపు అనే మాట అది. పక్కింటి ముసలమ్మ మనవణ్ని లాక్కుపోతూ, "ఆ మందెక్కితే అర్ధాయుష్షేనట. సదువుకున్న పిల్లే సెప్తంది" అని వీధంతా చాటింది.

మరుసటి సెలవులో అత్త ఆ మాట మానేసి, ముసలమ్మ ఇంటికే వెళ్లి కూర్చుంది.

"పొద్దున్న పడవలో వచ్చిన సేప సాయంత్రానికి ఏటవుతాది పిన్నీ? ఈ మందూ అంతే. సచ్చిపోయీది మందు, మడిసి కాదు."

అప్పటినుంచి ఒకరొకరే రైలెక్కారు. స్కానింగయ్యాక ప్రతి ఒక్కరికీ ఆమె ఒకటే చెప్పేది: "ఈయేలకి పిల్లల్ని ఎత్తుకోకు. రేపు తనివితీరా ఎత్తుకుందువుగాని."

చివరికి ఆ కిడ్నీ జబ్బు ఆమెకే వచ్చింది. ఆమె కోటుకి తగిలించుకునే, రేడియేషన్ కొలిచే బిళ్ల ఏనాడూ హద్దు దాటలేదు. ఆ గది మొహం ఎరగని మా తాత కూడా ఈ జబ్బుతోనే పోయాడు. ఇవన్నీ ఎవరు వింటారు? ఆమెను ఊరికి తెచ్చిన రోజు ముసలమ్మ గుండెలు బాదుకుంది. "ఆ మందే దాన్ని తినీసినాది తల్లీ. అర్ధాయుష్షు దానికే తగిలినాది." ప్రేమతోనే ఏడ్చింది. నాకు కోపమొచ్చింది, భయమూ వేసింది. ఈ జబ్బు మా నేలకి ఎందుకు పట్టిందో ఖచ్చితంగా చెప్పగలిగినవాళ్లు నాకింకా కనబడలేదు.

నాన్నకి కిడ్నీల స్కానింగు ఆ తర్వాతి వారమే. పట్టుబట్టి రాయించింది అత్తే.

"నాను రాను" అన్నాడు నాన్న. "తన్నే కాపాడుకోనేకపోనాది. నన్నేటి కాపాడతాది?"

బతిమాలాను, కసిరాను. స్కానింగు లేకపోతే ఏ కిడ్నీ ఎంత మిగిలిందో డాక్టర్లకి తెలీదు. ఇంకేమీ తోచక, "అక్కడ కలిపేది అత్త నేర్పిన పిల్లే నాన్నా" అన్నాను. మర్నాడు తెల్లవారేసరికి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చాం. రిపోర్టు ఇంకా రాలేదు. ఆటో దిగుతుంటే నా కూతురు పరుగెత్తుకొచ్చింది. నాన్న అరచెయ్యి అడ్డుపెట్టాడు.

"ఈయేల వద్దమ్మా. మందు సచ్చిపోవాల. మా సెల్లి ఒప్పుకోదు."

ఆయన అరుగు ఈ చివర, పిల్ల ఆ చివర కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళ దాకా అది అడుగుతూనే ఉంది.

"తాతా, సచ్చిపోనాదా?"

"ఇంకా నేదమ్మా" అంటున్నాడు నాన్న, సముద్రం వైపు చూస్తూ.