కుప్పంలో నేను కత్తిరించని రిబ్బను

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక వీధిలో నిలబడి నేను మొదటిసారి పూర్తిగా చదివింది మదనపల్లె బస్టాండు దగ్గర కట్టిన ఒక ఫ్లెక్సీని. నర్సుల సంఘం రాష్ట్ర అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నామె ఫోటో అది. తెల్లచీర కట్టుకుని చేతులు జోడించి నవ్వుతోంది. కింద 'ఆయా కూతురు, మీ ఇంటి బిడ్డ' అని ఉంది. కూడబలుక్కుని చదివాను. చదివింది నిజమేనా అని మళ్ళీ చదివేసరికి నా చెవులు వేడెక్కాయి.

ఆ ఆయా నాకు అక్క. తోడబుట్టింది కాదు. మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఇద్దరం కలిసి చాకిరీ చేశాం. నెత్తుటి గుడ్డలు ఉతికాం, బెడ్‌ప్యాన్లు కడిగాం. అక్క మొగుడు తొందరగా పోయాడు. ఉన్న ఒక్క కూతుర్నీ మిషన్ బడిలో చదివించి, నర్సు ట్రైనింగులో చేర్చింది. దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే రోజున ఆ పిల్ల పెట్టుకునే టోపీకి అక్క తనే గంజి పెట్టింది. చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. "సూడే, నా బిడ్డ నెత్తిన ఎట్ల నిలబడుతుందో" అంటూ ఆ టోపీని వార్డంతా తిప్పి చూపించింది.

ఆ బిడ్డకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. సంఘంలో చేరి జిల్లా నాయకురాలయింది. పుంగనూరులో ఇల్లు కట్టింది.

మాలో కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నప్పుడు గుమ్మానికి రిబ్బను కడతాం. పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఇంటి పెద్ద దాన్ని కత్తిరించి ముందుగా లోపల అడుగు పెట్టాలి. తల్లి ఉంటే తల్లే. ఆ రోజు కోసం అక్క కొత్త చీర కొనుక్కుంది. తోడుగా నేనూ వెళ్ళాను. "ఇంటి పెద్దలు ముందుకు రండి" అన్నారు పాస్టరుగారు. అక్క ఒక అడుగు వేసింది. కూతురు కత్తెర తీసుకెళ్ళి ఒక పెద్ద డాక్టరుగారి భార్య చేతిలో పెట్టింది.

అక్క పెరట్లోకి పోయి, కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ప్లేట్లు కడగడం మొదలుపెట్టింది. భోజనమయ్యాక చేతులు కడుక్కోవడానికి వచ్చిన డాక్టరుగారి భార్య "ఎవరీమె?" అని అడిగింది.

"మా ఇంట్లో పనికుంటుంది మేడం" అంది కూతురు.

కుళాయి పక్కనే ఉన్నాం. ఇద్దరం విన్నాం.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "పెద్దోళ్ళు వచ్చినారు గదా. దానికి సిగ్గయింటుందిలే" అంది. "నీకు కోపం రాలేదా?" అంటే "నా బిడ్డ మింద నాకేం కోపమే" అంది. ఆమెకు రాని కోపం నాకు వచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని చల్లారనివ్వకుండా చూసుకున్నాను. అక్క మళ్ళీ పుంగనూరు వెళ్ళలేదు. ఆమె చనిపోయినప్పుడు కూతురు కారులో వచ్చింది. గుప్పెడు మన్ను వేసి, వెంటనే చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళడిగింది.

ఇప్పుడేమో ఆయా కూతురట. కూలీల ఇళ్ళలో పుట్టి నర్సులైన పిల్లలు ఊరూరా ఉన్నారు. ఓట్లు వాళ్ళవే మరి.

ఒక ఆదివారం చర్చి వదిలాక ఆమె మా ఇంటికే వచ్చింది. వెంట ఫోన్‌తో ఫోటోలు తీసే మనిషి. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చుంది. "సంగటి ఉండాదా చిన్నమ్మా? అమ్మ చేతి సంగటి గుర్తొస్తాండాది" అంది.

"సంగటి లేదమ్మా, ఉప్మా ఉండాది. ఫోటోలో అంత బాగుండదేమో."

ఆమె గట్టిగా నవ్వేసింది. కుప్పంలో సంఘానికి కొత్త భవనం కట్టారట. "అమ్మ ఉంటే అమ్మ చేతనే రిబ్బను కత్తిరించేదాన్ని. ఆమె బదులు నువ్వు రావాల. అమ్మను నేనెట్ల చూసుకుంటినో రెండు ముక్కలు చెప్పాల."

"వస్తాలేమ్మా" అన్నాను. పనిమనిషి అన్న నోటితో అక్కను అమ్మ అని చెప్పి ఓట్లు అడగనివ్వకూడదు. నాకు అదొక్కటే కావాలి.

నా కోడలు కూడా నర్సే, ప్రభుత్వాసుపత్రిలో. నా ముఖం చూసి అనుమానపడింది. "అత్తా, నోరు జారొద్దు. రేపు నా ట్రాన్స్‌ఫర్‌కు ఆమె కాళ్ళే పట్టుకోవాల" అంది.

"అడిగిందే చెప్తాలే" అన్నాను.

కుప్పంలో భవనం ముందు షామియానా వేశారు. శాంతిపురం నుంచి కూడా నర్సులు వచ్చారు. నాకు శాలువా కప్పి, పళ్ళెంలో కత్తెర తెచ్చి, చేతికి మైకిచ్చారు.

"అందరికీ వందనాలు. ఈయమ్మ తల్లీ నేనూ ఒకే వార్డులో బెడ్‌ప్యాన్లు కడిగినాం. పుంగనూరులో ఈయమ్మ ఇల్లు కట్టినప్పుడు గూడా ఇట్లే రిబ్బను కట్టినారు. ఆ పొద్దు తల్లి బతికే ఉండింది. కొత్త చీర కట్టుకోని గుమ్మం ముందరే నిలబడుండింది. కత్తెర డాక్టరుగారి భార్యకిచ్చినారు. ఎవరీమె అంటే పనిమనిషని చెప్పినారు. ఆ పొద్దు ఆమె చెయ్యి పనికి రాలేదు. ఈ పొద్దు ఆమె బదులు నా చెయ్యి యాల?"

కత్తెరను పళ్ళెంలో పెట్టేశాను.

ఆమె మైకు లాక్కోబోయింది. "చిన్నమ్మకు వయసైపోయింది, ఏవేవో గుర్తొస్తుంటాయి..."

"వయసైంది నిజమే" అన్నాను. "మీ ఇంటికి పోదాం పా. కుళాయి పక్కన నువ్వు యాడ నిలబడి చెప్పినావో చూపిస్తా."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "మాట్లాడనీండమ్మా ఆమెను!" అని అరిచారు. ఆమె ముఖం పాలిపోవడం దగ్గర్నుంచి చూశాను. కనికరం కలగలేదు. కలగాలని ప్రార్థన కూడా చేసుకోలేదు.

అయినా ఆమె గెలిచింది. కోడలు చాలా రోజులు నాతో ముభావంగా ఉంది. ఓ రోజు ఇద్దరం బస్టాండుకు వెళితే, పాతది ఉన్నచోటే కొత్త ఫ్లెక్సీ కనిపించింది. పైనుంచి కిందిదాకా నిదానంగా చదివాను. గెలిపించినవారికి ధన్యవాదాలు ఉన్నాయి, ఆమె పదవి ఉంది. ఆయా మాట లేదు.

"సూడత్తా, నువ్వు సాధించింది ఇదే" అంది కోడలు. "ఉన్న ఆ ఒక్క మాటా తీసేసినారు."

"తీసేయనీ" అన్నాను. "తీయించేదానికే గదా నేను కుప్పం దాకా పోయింది."