సమాధానం కోసం పోయిన కన్ను

చింతాద్రిపేట యతిరాజులు నాయుడుగారిని గురించి లోకం చెప్పుకున్న మాటల్లో నిజం పాలు తక్కువ. ఆయన కొరియా దేశం వెళ్ళి వచ్చిన సైనికుడని కొందరు నమ్మారు. తూర్పు దిక్కున ఆయన పోయిన దూరమల్లా హార్బరు గోడ వరకే. సైనికుల సంఘం పేరు చెప్పి చందాలు మింగాడని గిట్టనివారు అన్నారు. ఏటా పూలదండలూ సోడాలూ కొన్న తరువాత ఆ సంఘంలో మింగడానికి ఏమీ మిగిలేది కాదు. నలభైమందికి ఉద్యోగాలు వేయించాడని ఆయన షష్టిపూర్తి నాడు ఒకరు పద్యం చదివారు. గణాలు సరిపోవడానికి నలభై అవసరమైంది కాబోలు. తెలుగు రాని అధికారితో తెలుగు కోసం పోరాడి గెలిచాడన్నది చివరి మాట. అన్నిటికంటె ఎక్కువమంది నమ్మింది ఇదే. అన్నిటికంటె పెద్ద అబద్ధమూ ఇదే.

నాయుడుగారు ఒక మిడిల్ స్కూలులో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి విరమించారు. పూర్వీకులు ఎప్పుడో నెల్లూరు సీమ నుంచి వచ్చి మదరాసులోని ఈ పేటలో పాతుకుపోయినవారు. తెలుగులో అరవం కలపడం ఆయన దృష్టిలో పాలలో కూవం మురుగునీళ్ళు కలపడంతో సమానం. భార్య అమ్మణి విస్తరి ముందు నిలబడి, "కొళంబు పోసేదా?" అని అడిగితే, పులుసు అనేదాకా అన్నంలో చెయ్యి పెట్టేవారు కాదు.

"పేరు మార్చి పిలిస్తే ఉప్పు తగ్గతాదా ఏమి?" అని ఆవిడ పోసేసి పోయేది.

సంఘాలు పెట్టడం ఆయనకు వ్యసనం. బండి ఎద్దుల సంరక్షణకు ఒకటి, తెలుగు పఠనానికి ఒకటి పెట్టారు. రెండూ మొదటి వార్షికోత్సవంలో గొంతు తడుపుకుని కన్నుమూశాయి. ఆ దశలో, యాభైనాలుగులో, కొరియా నుంచి మన దళం తిరిగి వచ్చింది. అక్కడ యుద్ధం ఆగాక, స్వదేశానికి పోమని మొండికేసిన ఖైదీలను ఇరుపక్షాల నడుమ నిలబడి కాపలా కాసేందుకు మన ప్రభుత్వం పంపిన దళమది. కాల్చకుండా కాయడం వారి పని. హార్బరులో బ్యాండు మోగింది, దండలు పడ్డాయి. జనంలో నిలబడి చూసిన నాయుడుగారికి కళ్ళు చెమర్చాయి. సైనికులను చూసి కాదు, దండలను చూసి అని ఆయన మిత్రులే అనేవారు. ఈ మాటకు మాత్రం తగినంత సాక్ష్యం ఉంది.

అయితే ఆ సైనికుల కోసం ఒక సంఘానికి అవసరం లేకపోలేదు. ఉత్తర మదరాసు నుంచి ఆ దళంలో పోయిన డ్రైవర్లు, వంటవాళ్ళు, ఆసుపత్రి సిపాయిలు ఓ గుప్పెడుమంది తిరిగి వచ్చి దిక్కు తోచక ఉన్నారు. పెద్ద యుద్ధంలో పోరాడిన పాత సిపాయిలు వీరిని దగ్గరికి రానివ్వలేదు. "మీరు ఎవరినైనా చంపినారా? లేదు గదా? మరి సైనికులెట్లా అయినారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు తగిన జవాబు మన సమాజం దగ్గర ఇంకా సిద్ధంగా లేదు.

నాయుడుగారు సంఘం స్థాపించారు. పేరు కోసం వెతుక్కోలేదు. క్షౌరశాలలో ఆయన చూసిన అరవ పత్రిక ఆ దళాన్ని 'సమాధానప్పడై' అని పెద్ద అక్షరాలతో కీర్తించింది. దాని తోకను, అంటే సేన అనే అర్థమిచ్చే 'పడై'ని కత్తిరించి, 'సమాధాన సైనికుల సహాయ సంఘం' అని తన చేత్తోనే బోర్డు రాసి, శాంతికి గుర్తుగా పావురాన్ని వేసి, ఇంటి తిన్నె మీద తగిలించారు. పేటలో ఎవరికీ ఆ మాట ఎబ్బెట్టుగా తోచలేదు. సమాధానమంటే శాంతి అని తాతల నాటి నుంచీ వారి ఇళ్ళలో అనుకుంటున్నదే. పావురం మాత్రం కోడిలా ఉందని అందరూ అన్నారు.

అధ్యక్షుడు కోదండరాం శెట్టిగారు, కొత్వాల్ చావడిలో కందిపప్పు టోకు వర్తకులు. సభ్యులలో ముఖ్యుడు, అంటే సభలో ముందు వరుసలో కూర్చోబెట్టదగినవాడు, వ్యాసర్పాడి సుందరం. తండ్రి రైల్వే యార్డులో కూలి. సుందరం ఆ దళంలో ఆసుపత్రి బండి డ్రైవరు. కంచె లోపలి ఖైదీ విసిరిన రాయి తగిలి ఎడమ కన్ను పోయింది. ఒంటికంటివాడికి మళ్ళీ ఎవరూ బండి ఇవ్వలేదు. పెళ్ళాం కోకిల ఇంటి ముందు ఇడ్లీలు పోసి సంసారం ఈడ్చేది.

రెండో వార్షికోత్సవంలో శెట్టిగారు లేచి గొంతు సవరించుకున్నారు. "మన సుందరం లోకం కోసరం ఒగ కన్ను ఇచ్చినాడు. మనం ఆయనకి ఏమిచ్చినాము? నేను ఈ దండ ఇస్తా ఉండాను!"

చప్పట్లు ఆగకముందే ఆడవాళ్ళ బెంచీ నుంచి కోకిల లేచింది. "అయ్యోరూ, రెండేండ్లుగా ఈయన మెడకి దండలే పడతా ఉండాయి. దండ ఉడకేస్తే కూడవతాదా?"

"సభామర్యాద అని ఒకటి ఉందమ్మా," అన్నారు నాయుడుగారు.

"ఉండనీండి సామీ, వేండా అన్లేదు. మా పొయ్యిలో పిల్లి లేచేది ఎప్పుడో అది చెప్పండి."

సభ నవ్వింది. నాయుడుగారి ముఖం మాడింది. ఆ మాట గుచ్చుకోబట్టే సంఘం మొట్టమొదటిసారి ఒక పని తలపెట్టింది. తొండియార్‌పేటలో ఒక ప్రభుత్వ గిడ్డంగికి కావలివాడు కావాలి. విధిలో గాయపడిన సైనికుడికే ఆ ఉద్యోగం. వయసు నిబంధన ప్రకారం సుందరానికి అదే ఆఖరి అవకాశం. సైన్యం వారి కాగితంలో కన్ను పోయిన సంగతి ఉంది గాని ఎలా పోయిందో లేదు. అది విచారించడానికి ఒక అధికారి పిలిచారు.

అధికారి గోదావరి జిల్లావారు. రాష్ట్రం విడిపోయినా మదరాసులోనే ఉద్యోగంలో నిలిచిపోయినవారు. ఈ సంగతి తెలియగానే నాయుడుగారు పొంగిపోయారు. "సుందరం, నువ్వు నోరు తెరవవద్దప్పా. నీది లారీ తెలుగు. నేను మాట్లాడతాను," అన్నారు.

అధికారి కాగితం చూసి, "కన్నెలా పోయిందయ్యా?" అని సుందరాన్నే అడిగారు.

"సార్, ఆడ కంచె పక్కన..."

"నువ్వుండు!" నాయుడుగారు ఉత్తరీయం సర్దుకున్నారు. "అయ్యా, ఇతడు సమాధానం కోసం సముద్రాలు దాటి వెళ్ళాడు. ఆ సమాధానం కోసమే కన్ను ధారపోశాడు."

"సమాధానం కోసమా?"

"సమాధానం కోసమే."

"ఎవరివ్వాలండీ?"

"ఒకరిస్తే చాలదు. ఇరుపక్షాలూ ఇవ్వాలి."

"మరి వచ్చిందా?"

"వచ్చింది. తెచ్చింది ఇటువంటివారే."

"చేతికిచ్చారా, టపాలో పంపారా?"

తెలుగు అధికారి చమత్కారానికి నాయుడుగారు మర్యాదగా నవ్వారు. "తమరు సరసులు."

"దారిలో రాయి తగిలిందన్నమాట."

"ఇంత రాయి!" అని రెండు చేతులతో చూపించారు నాయుడుగారు.

సుందరం తన ఒంటికన్నుతో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వద్దన్నారు గనుక మాట్లాడలేదు.

పది రోజులకు ఉత్తరువు వచ్చింది. ఒక జవాబు తీసుకురావడానికి పోయినప్పుడు దారిలో రాయి తగలడం మామూలు ప్రమాదం గాని సైనిక విధిలో గాయం కాదని, అర్జీ తిరస్కరించడమైనదని అందులో ఉంది. నాయుడుగారు రెండోసారి చదివేటప్పటికి విషయం బోధపడింది. గోదావరి చెవికి సమాధానమంటే జవాబు. తన మాటలు తలచుకున్న కొద్దీ ఒక్కొక్కటి వచ్చి చెంప మీద కొట్టింది. ఇరుపక్షాలూ ఇవ్వాలి. తెచ్చింది ఇటువంటివారే. పులుసు పేరు కోసం అమ్మణిని పెట్టిన పాట్లన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

అప్పుడే వెళ్ళి అధికారికి చెప్పి ఉంటే కథ ఒక పూటలో ముగిసేది. ఆయన వెళ్ళలేదు. సంఘాన్ని సమావేశపరిచారు.

శెట్టిగారు మండిపడ్డారు. "ఆ ఆఫీసరుకి తెలుగు తెలీదయ్యా! గోదావరోడికి తెలుగెట్లా వస్తాది? ఖండించాల్సిందే!"

అధికారి భాషాజ్ఞానాన్ని ఖండిస్తూ తీర్మానం సిద్ధమైంది. రాసింది నాయుడుగారే. అన్నీ తెలిసి రాశారు. అక్షరదోషం ఒక్కటి లేకుండా రాశారు.

సుందరం చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యోరా, నేను జవాబు తెచ్చేదానికి యాడికీ పోలేదే. ఆడ ఎవురూ నాకి చీటీ ఇయ్యలేదు. ఇదెట్లా రాసినారు?"

"అధికారులంతేనప్పా," అన్నారు నాయుడుగారు.

ఆయన ఆడిన మాటలన్నిటిలోనూ నీచమైనది అదే. భాషలో దొర్లిన పొరపాటు ఎవరికైనా క్షమించవచ్చు. ఇది పొరపాటు కాదు.

మరునాడు పొద్దున కోకిల ఇడ్లీ తట్ట అమ్ముకుని నేరుగా ఆయన తిన్నె దగ్గరికి వచ్చింది.

"ఒగటి అడగతా అయ్యోరూ. మీరు ఆడ ఏం చెప్పినారు? ఈయన్ని అడిగితే సుమ్మా ఊరికే తల గోక్కుంటాడు."

"సమాధానం కోసం పోయి కన్ను పోగొట్టుకున్నాడని చెప్పాను. ఉన్న మాటే గదమ్మా."

"ఉన్న మాటే. ఆయనకి అర్థమాయెనా?"

నాయుడుగారు లేచి బోర్డు మీది పావురానికి దుమ్ము దులిపారు.

"మిమ్మల్నే అడగతా ఉండా. అర్థమాయెనా, లేదా?"

"ఆయన అర్థం చేసుకోవలసింది. తప్పు ఆయనది."

"తప్పు ఎవురిదైతే నాకేమి సామీ? ఎవురిదో మీరు తేల్చేలోపల ఆ గిడ్డంగిని ఇంకోడు కాస్తాడు. ఈయన ఈడ ఇడ్లీకి పిండి రుబ్బతా ఉంటాడు." తట్ట నెత్తిన పెట్టుకుని రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "రుబ్బేది కూడా సరిగా రాదు ఆ మనిషికి. కాపలా కాసేది వస్తాది. అదొకటే వస్తాది."

పునర్విచారణ కోరుతూ సంఘమంతా అధికారి దగ్గరికి కదిలింది. శెట్టిగారు జరీ తలపాగాతో ముందు నడిచారు. కోకిల, సుందరం వెనక నిలబడ్డారు. అధికారి కూర్చోమనకముందే శెట్టిగారు తీర్మానం చదవడం మొదలుపెట్టారు. "మాతృభాషాజ్ఞానశూన్యులైన తమరు..." అన్నంతలోనే అధికారి ముఖం కందగడ్డ అయింది. చెయ్యి బంట్రోతును పిలిచే గంట మీదికి పోయింది. ఆ గంట మోగితే అందరూ బయట ఉంటారు, సుందరం ఎప్పటికీ బయటే ఉంటాడు. అది నాయుడుగారికి తెలిసింది.

"శెట్టిగారూ, ఆపండి."

"ఉండండి నాయుడూ, అసలు ఘాటు ముందర ఉండాది!"

"ఆపమన్నాను." ఆయన బల్ల దగ్గరికి వచ్చారు. "అయ్యా, తమరు విన్నది సరిగానే విన్నారు. తమరు విన్నది తెలుగు. నేను అన్నది అరవం."

"ఏవిటండీ?"

"సమాధానమంటే మా పక్క శాంతి. అరవంలో శాంతి. ఆ మాటను నేను తెలుగనుకుని వాడాను. ఇతడు జవాబు కోసం పోలేదు. శాంతి కోసం పోయాడు. ఉత్తరువు వచ్చిన నాడే నాకు తెలిసింది. ఈ తీర్మానం తెలిసే రాశాను."

గది మూల టైపు కొడుతున్న అమ్మాయి తలెత్తి చూసింది. తరువాత అధికారి పగలబడి నవ్వారు, కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. "అదా సంగతి! ఒక్క జవాబు కోసం మనిషిని కొరియా దాకా పంపుతారా అని నేనూ ఆశ్చర్యపోయానండీ!"

ఆశ్చర్యపోయినవారు ఆనాడే సుందరాన్ని మరొక ప్రశ్న అడిగి ఉండవలసింది. అడగలేదు. ఆ పాలు తప్పు అధికారిది. నాయుడుగారి తప్పును తూచేటప్పుడు దీన్నీ తక్కెడలో వేయాలి. శెట్టిగారు మాత్రం, "అరవమా?" అని గొణిగి, తీర్మానాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తరువాత చాలా కాలం నాయుడుగారి తెలుగు అరవమేనన్న మాటను పేటంతా పంచిపెట్టారు గాని, ఉద్యోగం వచ్చింది గనుక నాయుడుగారే గెలిచారని పేట నమ్మింది.

"నువ్వు చెప్పవయ్యా," అన్నారు అధికారి.

సుందరం నాయుడుగారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు.

"ఖైదీలు గలాటా చేసినారు సార్. లోపల ఒగడికి తల పగిలిందని బండి తీసకపోయినాను. కంచె మీదనించి రాళ్ళు ఏసినారు. మేము తుపాకి ఎత్తేదానికి లేదు, ఉత్తరువు. బండి నిలబెట్టి దిగి, దెబ్బ తగిలినోణ్ణి ఎక్కించుకుంటా ఉంటే నాకి తగిలింది."

"మరి వాణ్ణి?"

"ఆసుపత్రిలో దించినాను సార్. అంతదాకా ఒగ కన్ను కనిపిస్తానే ఉండింది గదా."

అధికారి కలం తీశారు. ఈసారి ఆయన మధ్యలో అడ్డు ప్రశ్న వేయలేదు, నాయుడుగారు ఒక విశేషణం కూడా చేర్చలేదు. బయటికి వచ్చాక కోకిల ఆయనతో, "ముందే చెప్పుంటే ఏమి పోయింది అయ్యోరూ?" అంది. ఆ నెలలోనే సుందరం గిడ్డంగి కావలిలో చేరాడు. సంఘం ఇంకొక వార్షికోత్సవం జరుపుకుని, శెట్టిగారు ముఖం చాటేయడంతో మూతపడింది.

సాక్ష్యాలన్నీ చూసిన మీదట తేలింది ఇంతే. యతిరాజులు నాయుడు నలభైమందికి ఉద్యోగాలు వేయించలేదు. ఒక్కడికి రావలసిన ఉద్యోగాన్ని తన నోటితో పోగొట్టాడు, పోగొట్టిన సంగతి కొంతకాలం దాచాడు, చివరికి నలుగురిలో తన తెలుగు తప్పని ఒప్పుకుని దాన్ని తిరిగి ఇప్పించాడు.