చివరి వరుస వెనక

హూడిలో బస్సెక్కి మారతహళ్ళి వెళ్తున్నాను. యాభై దాటాక మొదలుపెట్టిన కరాటే ఇక మానేద్దామని ఆ సాయంత్రమే అనుకున్నాను. క్లాసులో బెల్టు రంగును బట్టి వరుసలు. ఏడాదైనా నాది చివరి వరుసే.

పక్కసీట్లో కూర్చున్న పెద్దాయన నా వైపైనా చూడకుండా అన్నాడు: "తన్నేటప్పుడు ఎడమ చెయ్యి దించుతుండావప్పా. అందుకే దెబ్బలు తింటుండావు."

"మీరెక్కడ చూశారు?" అన్నాను.

"దినామూ నీ వెనకాలే నిలబడుకోనుండాను కదప్పా," అని నవ్వి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

క్లాసులో నా వెనక ఉండేది గోడ ఒక్కటే.

కరాటే మానలేదు. ఒక్కో వరుసా దాటుకుంటూ ఇప్పుడు మొదటి వరుసకు వచ్చాను. ఎడమ చెయ్యి జారబోతే వెంటనే పైకెత్తుతాను. వెనక్కి మాత్రం తిరిగి చూడను.